అడగకముందే చెప్పే రోజులు

మెడలో తాడు, తాడుకు కార్డు, కార్డు మీద ఫొటో, ఫొటో కింద కంపెనీ పేరు. పొద్దుగూకాక చేవెళ్ల చౌరస్తాలో చాయ్ హోటల్ ముందు నిలబడితే ఎవడు ఎక్కడ పనిచేస్తాడో అడగక్కర్లేదు, చదువుకుంటే చాలు. ఆఫీసు గేటు దాటి అంత దూరం వచ్చాక కూడా ఆ తాడు తీయరెందుకో నాకర్థం కాదు. మొన్న ఒక పిల్లగాడు పక్కన కూర్చుని, నేనేమీ అడక్కుండానే, "డిఫెన్స్‌ల చేస్తున్న తాతా, మిస్సైల్ పార్టుల క్వాలిటీ చూస్తం" అన్నాడు. చాయ్ చల్లారేలోపు ఏ షెడ్డులో కూర్చుంటాడో, పై ఆఫీసరు ఎట్లాంటివాడో, పండగ ముందర రాత్రి డ్యూటీలు ఎందుకు పడ్డాయో అన్నీ చెప్పేశాడు. నేనెవరో వాడికి తెలియదు. తెల్లజుట్టు, పంచె, చేతికర్ర. గూఢచారికి ఇంతకంటే నమ్మకమైన వేషం ఇంకేం కావాలి?

మా రోజుల్లో పాసు లోపలి జేబులో ఉండేది. గేటు దగ్గర బయటికి తీయడం, సెక్యూరిటీవాడికి చూపించడం, మళ్లీ లోపల పెట్టుకోవడం. దాన్ని పదిమందికి కనబడేట్టు వేలాడదీస్తే మా ఫోర్‌మన్ చెవి మెలిపెట్టేవాడు. కంచన్‌బాగ్ వైపు ఒక కార్ఖానాలో నా నౌకరి గడిచింది. దాని పేరు ఇప్పటికీ రాయబుద్ధి కావడం లేదు. రిటైరై ఇన్నేళ్లయినా ఆ అలవాటు పోలేదు. ఊళ్లో అడిగితే "ఇనుప కార్ఖానా" అనేవాణ్ణి. మా నాయిన చనిపోయేదాకా నేను నాగళ్లకు కర్రులు చేసే చోట ఉన్నాననే అనుకున్నాడు. నేనూ కాదనలేదు. 1989 మే నెలలో అగ్ని క్షిపణి ఎగిరిందని రేడియోలో వార్త వచ్చిన సాయంత్రం మా ఇంటామె జొన్నరొట్టె కాలుస్తూ, "మీ కార్ఖానల గిట్లాంటియి చేస్తరా?" అంది. "మాది వేరే" అన్నాను. ఆమె నా మొహం ఒక్కసారి చూసి, రొట్టె తిప్పుకుంది. మళ్లీ ఎన్నడూ అడగలేదు. తెలిసే అడగలేదని నా అనుమానం.

నౌకరి దొరకడానికి ముందు విచారణ జరిగేది. ఇప్పుడు ఫారం కంప్యూటర్‌లో పంపితే ఎవరో ఏజెన్సీవాళ్లు ఫోన్ చేసి "ఈయన మీకు తెలుసా సార్" అని అడిగి పెట్టేస్తారట. అప్పుడు పోలీసాయన బస్సు దిగి ఊళ్లోకి నడుచుకుంటూ వచ్చాడు. పట్వారీ ఇంట్లో మంచినీళ్లు తాగి, మాలీ పటేల్‌ని అడిగి, బడి పంతుల్ని అడిగి, ఆఖరికి కల్లు దుకాణం దగ్గర కూడా కూర్చున్నాడు. ఎవరికి అప్పున్నాను, ఎవరితో కొట్లాడాను, మా మేనమామ ఏ పార్టీ జెండా మోశాడు, అన్నీ రాసుకుపోయాడు. మా పెళ్లప్పుడు పిల్ల తరఫువాళ్లు కూడా అంత ఆరా తీయలేదు. పటేల్ పట్వారీ వ్యవస్థ మంచిదని నేననను. దాని పాపాలు దానికున్నాయి, ఎన్టీఆర్ దాన్ని ఎత్తేసినప్పుడు ఊరంతా సంతోషించింది. కానీ ఆ పోలీసాయన పోయాక నాకొక సంగతి తెలిసింది. నేను తప్పు చేస్తే తలవంపులు నా ఒక్కడికే కాదు, నా గురించి మంచిమాట చెప్పిన ఆ నలుగురికీ.

లోపల సంగతి పైపైన చెబుతాను. డ్రాయింగులు అమ్మోనియా వాసన కొట్టేవి. ప్రతి ప్రింటుకూ నంబరు. తీసుకునేటప్పుడు రిజిస్టర్లో సంతకం, ఇచ్చేటప్పుడు సంతకం. పాడైన కాగితాన్ని చెత్తబుట్టలో వేయడానికి లేదు, ఇద్దరి ముందర కాల్చి, కాల్చామని రాయాలి. సాయంత్రం బీరువాకు తాళం వేసి దాని మీద లక్క ముద్ర. బయటికొచ్చేటప్పుడు టిఫిన్ డబ్బా మూత తీసి చూపించాలి. పచ్చడి మరక తప్ప ఇంకేమీ దొరకదని వాళ్లకూ తెలుసు, మాకూ తెలుసు. కెమెరా అనేది స్టూడియోలో ఉండే వస్తువు. ఊరికి ఫోనంటే పోస్టాఫీసులో ట్రంక్ కాల్ బుక్ చేసి ఎదురుచూడటం, లైను కలిశాక పోస్టాఫీసంతా వినేట్టు అరవడం. ఆ అరుపులో రహస్యం చెప్పగలిగేవాడు అప్పటికింకా పుట్టలేదు.

ఇక 2022 సంగతికొస్తాను. ఆ ఏడు జూన్ 17న రాచకొండ పోలీసులు మీర్‌పేటలో ఒక కాంట్రాక్టు ఇంజనీరును పట్టుకున్నారు. వయసు ముప్పై లోపే, సొంతూరు విశాఖ వైపు. బెంగళూరు కంపెనీ ఒకటి జీతమిస్తుంది, పని మాత్రం బాలాపూర్‌లో ఆర్‌సీఐ ఆవరణలోని క్షిపణుల ప్రయోగశాల డీఆర్‌డీఎల్‌లో, నౌకాదళానికి సంబంధించిన ప్రాజెక్టు మీద. పేరు రాయను, కేసులో ఉన్నవాడి పేరుతో నాకేం పని. పోలీసులు చెప్పిన కథ ఇది. తాను డీఆర్‌డీఎల్‌లో పనిచేస్తున్నానని ఆ అబ్బాయి 2018లోనే ఫేస్‌బుక్‌లో పెట్టుకున్నాడు. 2020 మార్చిలో నటాషా రావు అనే పేరుతో స్నేహం కోరుతూ ఒక పిలుపొచ్చింది. తాను యూకే డిఫెన్స్ జర్నల్‌లో పనిచేస్తానంది. బెంగళూరులో ఉండేవాళ్లమనీ, తండ్రి భారత వైమానిక దళంలో చేసి తరవాత ఇంగ్లండు వెళ్లాడనీ చెప్పింది. మాటలు సాగాయి. మాటల్లోంచి ఫొటోలు, ఫొటోల్లోంచి కాగితాలు. బ్యాంకు ఖాతా నంబరు కూడా వెళ్లింది. మధ్యలో ఆ నటాషా పేరు సిమ్రన్ చోప్రా అయింది, ఇంకోటి కూడా అయింది. 2021 డిసెంబరు దాకా ఇద్దరి మధ్య మాటలు నడిచాయి. ఆ పేర్ల వెనకున్నది పాకిస్తాన్ ఐఎస్ఐ మనిషని పోలీసుల మాట. 1923 నాటి అధికార రహస్యాల చట్టం కింద కేసు పెట్టారు. రక్షణకు సంబంధించిన నేరమైతే అందులో పద్నాలుగేళ్ల దాకా శిక్ష ఉంది.

పేపర్లో చదివినప్పుడు నన్ను పట్టుకున్నది ఆ ఆడపేరు కాదు, 2018 అనే అంకె. శత్రువు కన్ను పడటానికి రెండేళ్ల ముందే ఆ అబ్బాయి తానెక్కడున్నాడో ఊరందరికీ చాటుకున్నాడు. ఎవరూ అడగలేదు. లంచం ఇవ్వలేదు, బెదిరించలేదు. మొదటి రహస్యం ఉచితంగా, తనంతట తానే ఇచ్చాడు. మిగతాదంతా దాని మీద వడ్డీ.

ఇదే మాట ఇంట్లో అంటే మా పెద్దోడు ఊరుకోడు. "మీ రోజుల్ల గూఢచారులు లేరా నాయినా?" అంటాడు. ఉన్నారు, ఎందుకు లేరు. 1983లో రిటైరైన మేజర్ జనరల్ లార్కిన్స్‌నీ, వైమానిక దళంలో పెద్ద పదవి చేసిన ఆయన సోదరుణ్ణీ పట్టుకున్నారు, అమెరికావాళ్లకు కాగితాలమ్మారని. 1985 జనవరిలో ఢిల్లీలో కుమార్ నారాయణ్ అనే వ్యాపారి ముఠా బయటపడింది. సాక్షాత్తూ ప్రధానమంత్రి కార్యాలయం గుమాస్తాలు రహస్య ఫైళ్లను జిరాక్సు తీసి అందించేవాళ్లు. విస్కీ సీసాకూ నోట్లకట్టకూ. ప్రధానికి ముఖ్య కార్యదర్శిగా ఉన్న పి.సి.అలెగ్జాండర్ రాజీనామా చేయాల్సివచ్చింది. కేసు తేలేసరికి 2002. ఈలోపు నారాయణ్ చనిపోయాడు కూడా. కాబట్టి మా తరం గంగలో మునిగి లేచిందని నేను చెప్పడం లేదు. పైగా మా తరంలో అమ్ముకున్నవాళ్లు జనరళ్లూ పెద్ద కుర్చీల దగ్గరివాళ్లూ. ఫిట్టర్లూ టర్నర్లూ ఆ జాబితాలో ఎక్కడున్నారో చూపించమంటే పెద్దోడు మాట మారుస్తాడు.

తేడా మాత్రం ఉంది. ఆ నారాయణ్‌కు ఒక దుకాణం కావాలి, అద్దె కట్టాలి, సీసాలు కొనాలి, ఏ గుమాస్తా అప్పుల్లో ఉన్నాడో ఏళ్ల తరబడి కనిపెట్టాలి, పట్టుబడితే తన మెడ కూడా పోతుంది. హిమాయత్‌సాగర్ గట్టు మీద గాలం వేసుకుని పొద్దంతా కూర్చునే మనిషి పని అది. ఇప్పుడు వల వేస్తున్నారు. సరిహద్దుకు అవతల ఒక గదిలో కూర్చుని పది పేర్లు పెట్టుకుని, వెయ్యి మందికి స్నేహం పంపితే ఎవరో ఒకరు పడతారు. పడనివాళ్లతో నష్టమేమీ లేదు. విశాఖలో 2019 డిసెంబరులో అదే జరిగింది. ఆపరేషన్ డాల్ఫిన్స్ నోస్ అని పేరుపెట్టి ఏడుగురు నావికుల్నీ, డబ్బు చేరవేసిన ఒక హవాలా మనిషినీ పట్టుకున్నారు. ఆ నావికుల్ని వలలో వేసిందీ ఫేస్‌బుక్ ఆడపేర్లే. అదే నెలాఖరులో నౌకాదళం స్థావరాల్లోనూ ఓడల మీదా స్మార్ట్‌ఫోన్లనూ ఫేస్‌బుక్‌నూ నిషేధించింది. టిఫిన్ డబ్బా మూత తీయించిన మా సెక్యూరిటీవాడు బతికుంటే నవ్వుకునేవాడు.

నాకింకో కోపముంది, అది పిల్లగాళ్ల మీద కాదు. మాది పర్మినెంటు నౌకరి. క్వార్టర్లిచ్చారు, పిల్లలకు బడి ఇచ్చారు, క్యాంటీనుండేది, దసరాకు ఆయుధపూజ చేసేవాళ్లం. చస్తే శవం ముందు యూనియన్ జెండా పట్టుకుని నలుగురొచ్చేవాళ్లు. నేను చేసిన కడ్డీ ఏ క్షిపణిలో ఎక్కడికి పోయిందో బయట చెప్పుకోలేకపోయినా, కాలనీలో పక్కింటాయనకు తెలుసు. తెలిసి కూడా ఇద్దరం దాని ఊసెత్తకుండా వంకాయల ధర మాట్లాడుకునేవాళ్లం. అందులోని గొప్ప మాకు చాలేది. ఇప్పుడేమైంది? ప్రయోగశాల పనిని కంపెనీకిస్తారు, కంపెనీ కుర్రాణ్ణి తెస్తుంది. జీతం ఒకచోట, కుర్చీ ఒకచోట. వచ్చే ఏడు టెండరు ఎవరికొస్తుందో తెలియదు. లోపలివాళ్లకు వాడు బయటివాడు, బయటివాళ్లకు లోపలివాడు. ఒంటరిగా అద్దె గదిలో ఉంటాడు. వాడి పనిని మెచ్చుకునే మనిషి ఒక్కరూ లేరు. రాత్రి పదింటికి ఒక ఆడగొంతు "నిజంగా మీరు చేసేది ఇంత గొప్ప పనా?" అంటే వాడి ఛాతీ ఉబ్బకుండా ఉంటుందా? తప్పు తప్పే, శిక్ష పడాల్సిందే. రహస్యం కాపాడమని ప్రమాణం చేయించుకున్నవాళ్లు, వాడికి తమవాడన్న ధైర్యం మాత్రం ఇవ్వలేదు. అదీ నా మాట.

ఈ మాటకు కూడా పెద్దోడి దగ్గర జవాబుంది. కురుల్కర్ పేరు తీస్తాడు. పుణెలో డీఆర్‌డీవో ప్రయోగశాలకు డైరెక్టరు, పర్మినెంటుకే పర్మినెంటు, రిటైరవడానికి నెలలే మిగిలాయి. 2023 మే 3న మహారాష్ట్ర ఏటీఎస్ ఆయన్ని పట్టుకుంది. జారా దాస్‌గుప్తా అనే పేరుతో, లండన్‌లో సాఫ్ట్‌వేర్ ఇంజనీర్నని చెప్పుకున్న మనిషితో మన క్షిపణుల గురించి మాట్లాడాడని అభియోగం. ఆయనకు బంగళా ఉంది, కారుంది, సలాములున్నాయి. ఆయనకేం తక్కువైందని పెద్దోడి ప్రశ్న. చాలాసేపు ఆలోచించాను. సలాము కొట్టేవాడు మాట వినడు కదా. అరవైకి దగ్గరపడ్డ మనిషి చెప్పే పాత గొప్పలు ఇంట్లో ఎవరు వింటారు? నేనిప్పుడు ఇక్కడ ఇంత రాస్తున్నానంటే అర్థం చేసుకోండి. వినేవాళ్లు దొరికితే నేనూ ఆగను. కాకపోతే నాకు దొరికింది చేవెళ్ల చాయ్ హోటలు, నా దగ్గరున్న రహస్యాలు తుప్పుపట్టినవి.

గమనించారా, ఒకరిది యూకే జర్నల్, ఇంకొకరిది లండన్ సాఫ్ట్‌వేర్. కరాచీ నుంచి మాట్లాడుతున్నానంటే ఎవడూ పలకడు, లండన్ అంటే ఒళ్లు పులకరిస్తుంది. సరిహద్దు అవతల ఆ గదిలో కూర్చున్నవాళ్లకు మన సంగతి బాగా తెలుసు. మా మొయినాబాద్ పక్కనే చిలుకూరు ఉంది. బాలాజీ చుట్టూ పదకొండు ప్రదక్షిణలు చేసి వీసా అడుగుతారు, వచ్చాక నూటఎనిమిది చేసి మొక్కు తీర్చుకుంటారు. చేతిలో లెక్క కాగితం, చెవిలో ఫోను, "ఇంటర్వ్యూ గురువారం, కంపెనీ పలానా" అని గుడి చుట్టూ అరుస్తూ తిరుగుతారు. దేవుడికి చెప్పుకోవాల్సింది వెనక నడిచేవాడికి కూడా తెలిసిపోతుంది. నాకు తెలిసినంతలో దేవుడికి చెవుడు లేదు.

సీమ దాటినా అమ్ముకునే బుద్ధి మారదు అనడానికి బొంబాయిలో పుట్టిన నోషిర్ గోవాడియా ఉన్నాడు. అమెరికాలో నార్త్‌రాప్ కంపెనీలో ఇంజనీరు, శత్రు రాడార్లకు చిక్కని బీ-2 బాంబరు రూపకల్పనలో పనిచేసినవాడు. తరవాత సొంతంగా సలహాల వ్యాపారం పెట్టుకుని, క్షిపణి వేడి కనబడకుండా దాచే గొట్టం డిజైను చైనాకు చేసిచ్చాడు. ముట్టింది 1,10,000 డాలర్లని అమెరికా ప్రభుత్వం లెక్కతేల్చింది. ఆ సొమ్ము హవాయి దీవుల్లో కట్టుకున్న ఖరీదైన ఇంటి అప్పు కిస్తీలకు పోయింది. 2011 జనవరిలో 32 ఏళ్ల శిక్ష వేశారు. ఇంటి కిస్తీకి దేశరహస్యం! మొయినాబాద్ చుట్టూ లేచిన ఫామ్‌హౌసుల ప్రహరీలు చూసినప్పుడల్లా నాకాయన గుర్తొస్తాడు. 1996 నాటి 111 జీవో 84 ఊళ్లలో పెద్ద కట్టడాలొద్దంది. మరి ఇవన్నీ ఎట్లా లేచాయి, ఏ సొమ్ముతో లేచాయి అని అడిగితే ముసలోడికి అసూయ అంటారు. ఉంటే ఉంది.

ఫామ్‌హౌసంటే జ్ఞాపకమొచ్చింది. ఆ 2022లోనే, అక్టోబరు 26 రాత్రి, మొయినాబాద్ దగ్గర ఒక ఫామ్‌హౌసులో ఎమ్మెల్యేల కొనుగోలు బేరమని పెద్ద గోల లేచింది. గదిలో దాచిన కెమెరాలు, కుర్తా జేబులో రికార్డర్లు. నెలల పాటు టీవీల్లో అదే. ఊళ్లో పశువుల కాపరి కూడా ఆడియో టేపు మాటలు కంఠతా చెప్పేవాడు. నాలుగు నెలల ముందర బాలాపూర్‌లో క్షిపణి కాగితాలు పోయాయన్న సంగతి మాత్రం పది మందిని అడిగితే ఒక్కడికీ గుర్తులేదు. ఎమ్మెల్యే రేటు మీద ఉన్న ఆసక్తి క్షిపణి మీద ఉండదు మన జనానికి.

కోపంలో ఒక మాట దాటేయకూడదు. పేపర్లో ఫొటో చూడగానే దేశద్రోహి అని తేల్చేసే పద్ధతి మా రోజుల్లోనూ ఉంది, దాని ఫలితం చూశాం. 1994లో కేరళలో ఇస్రో శాస్త్రవేత్త నంబి నారాయణన్‌ను గూఢచారి అని జైల్లో పెట్టారు. పేపర్లు మాల్దీవుల మహిళల కథలు వండి వార్చాయి. 1996లో సీబీఐ అందులో నిజం లేదంది. 2018లో సుప్రీంకోర్టు యాభై లక్షలు పరిహారమిమ్మంది. ఆయన రాకెట్ ఇంజన్ల మనిషి, చేయగలిగిన వయసంతా కోర్టుల చుట్టూ పోయింది. అందుకే బాలాపూర్ కుర్రాడి గురించి "పోలీసులు చెప్పిన కథ" అన్నాను. కోర్టు పని కోర్టును చేయనివ్వాలి. నేను తిట్టేది వాడు ఫేస్‌బుక్‌లో పెట్టుకున్నదాన్ని, దానికి సాక్షి అక్కర్లేదు.

ఇప్పుడిదంతా ఎందుకు తవ్వుతున్నానంటే, రహస్యం మా ఊరి దారిన పడింది. శంకర్‌పల్లి అవతల ఎద్దుమైలారంలో యుద్ధ వాహనాల కార్ఖానా ఎప్పటినుంచో ఉంది. ఇటు బీజాపూర్ రోడ్డు మీద, మర్రిచెట్ల కింద నుంచి చేవెళ్ల దాటి మన్నెగూడ పోతే పూడూరు మండలం. అక్కడి దామగుండం అడవిలో 2,900 ఎకరాలు నౌకాదళానికిచ్చారు. 2024 అక్టోబరు 15న రక్షణమంత్రి రాజ్‌నాథ్ సింగ్ వచ్చి శంకుస్థాపన చేశాడు. సముద్రం ఇక్కడికి వందల కిలోమీటర్లు, నౌకాదళానికి ఈ కొండల్లో ఏం పనని మావాళ్లు అడిగారు. నీటి కింద మునిగి ఉన్న జలాంతర్గామికి మామూలు రేడియో మాట చేరదు. బాగా తక్కువ పౌనఃపున్యం ఉన్న తరంగాలైతేనే ఉప్పునీటిలోకి కొంత లోతు దిగుతాయి. అవి పంపే కేంద్రం తమిళనాడులో తిరునల్వేలి దగ్గర ఒకటుంది, ఇది రెండోది. అడవి పోతుందని కొట్లాడినవాళ్లున్నారు, వాళ్ల బాధ నాకర్థమవుతుంది, అది వేరే వ్యాసం. నా భయం వేరే. కట్టడానికి కాంట్రాక్టర్లొస్తారు, వాళ్ల కింద సబ్ కాంట్రాక్టర్లు, వాళ్ల కింద మా ఊరి పిల్లలు. అందరి చేతుల్లో ఫోన్లు.

మా తమ్ముడి మనవడికి అక్కడ కాదుగానీ, అట్లాంటి కంపెనీ ఒకదాంట్లో ఈమధ్యే పని దొరికింది. పిలిచి కూర్చోబెట్టి చెప్పాను. "ఫోన్ల ఎక్కడ పనిచేస్తున్నవో తీసెయ్ బిడ్డా. ఇంజనీర్, చేవెళ్ల. గంతే చాలు." మంచి పిల్లగాడు, తీసేశాడు. వారం తిరక్కుండా వాళ్లమ్మ నా మీదికొచ్చింది. సంబంధాలు చూస్తున్నారట. మా కాలంలో సర్కారీ నౌకరి అంటే పిల్లనిచ్చేవాళ్లు, ఇప్పుడు ఏ కంపెనీ, ఏ ప్రాజెక్టు, ప్యాకేజీ ఎంత, సైటు ఎక్కడ అని అడుగుతున్నారట. వివరం లేకపోతే పిల్లగాడు ఖాళీగా తిరుగుతున్నాడని అనుకుంటున్నారట. "మీ భయానికి నా కొడుకు బ్రహ్మచారిగ ఉండాల్నా మామా?" అంది. నిన్న పరిగి వైపునుంచి పిల్ల తండ్రి ఫోన్ చేశాడు. పెద్దమనిషినని నాకే ఇచ్చారు. కుశలం అడిగి, గొంతు తగ్గించి, "ఇంతకూ అబ్బాయి ఏ మిస్సైలు మీద చేస్తున్నడు, జర చెప్పున్రి" అన్నాడు. ఇనుప కార్ఖానా అని చెప్పి పెట్టేశాను. సంబంధం తప్పిపోయిందని పొద్దటినుంచీ ఇంట్లో ఒకటే రభస.